ఒకే కథ, వేయి తరగతి గదులు: ఖరగ్‌పూర్ పిల్లలు వినేది ఏ భాషలో?

తరగతి గదిలో ఉపాధ్యాయురాలు ఒక కథా పుస్తకాన్ని బిగ్గరగా చదివి వినిపిస్తుంది. అదే వారంలో, అదే పుస్తకాన్ని, అదే అధ్యాయం వరకు, వేరొక దేశంలో మరొక ఉపాధ్యాయుడు తన విద్యార్థులకు చదివి వినిపిస్తాడు. ఆ తరువాత ఈ పిల్లలూ ఆ పిల్లలూ ఉత్తరాల ద్వారానో, కంప్యూటర్ తెర మీదనో ఆ కథను గురించి ముచ్చటించుకుంటారు. 2010లో అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రంలో పెర్నిల్ రిప్ అనే ఉపాధ్యాయురాలు ‘గ్లోబల్ రీడ్ అలౌడ్’ పేరిట ప్రారంభించిన ఈ ప్రయోగం అనతికాలంలోనే పలు దేశాల ప్రాథమిక తరగతులకు విస్తరించింది. దీనికి భవనాలు అక్కరలేదు, ప్రత్యేక నిధులు అక్కరలేదు. ఒక పుస్తకం, చదివే గొంతు, వినే చెవులు ఉంటే చాలు.

అయితే ఇదే పద్ధతిని పశ్చిమ బెంగాల్‌లోని రైల్వే పట్టణమైన ఖరగ్‌పూర్‌కు అన్వయించి చూస్తే, విస్కాన్సిన్‌లో తలెత్తని ప్రశ్న ఒకటి ఇక్కడ తలెత్తుతుంది. ఒకే పుస్తకమన్నది సరే, దానిని ఏ భాషలో చదవాలి? ఈ పట్టణంలో ఒకే బల్ల మీద కూర్చున్న నలుగురు పిల్లలు నాలుగు భాషల ఇళ్ల నుంచి వచ్చిన వారు కావడం అరుదేమీ కాదు. బెంగాలీ, హిందీ, తెలుగు, ఒడియా, సంతాలీ భాషలు ఇక్కడ వీధి వీధికీ మారుతుంటాయి. ప్రపంచ దేశాల తరగతులను కలపడానికి ముందు, ఒకే తరగతిలోని పిల్లలను ఒక కథ చుట్టూ చేర్చడమే ఇక్కడి ఉపాధ్యాయునికి ఎదురయ్యే తొలి పరీక్ష.

రైలు పట్టాల వెంట వచ్చిన భాష

ఖరగ్‌పూర్‌కు తెలుగు ఎలా వచ్చిందో తెలియాలంటే రైల్వే చరిత్రను కొంత తిరగవేయవలసి ఉంటుంది. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగపూర్ రైల్వే సంస్థ ఖరగ్‌పూర్‌ను కూడలిగా చేసుకుని ఇక్కడ భారీ కర్మాగారాన్ని నెలకొల్పింది. తూర్పు కోస్తా వెంబడి వేసిన మార్గంలో వాల్తేరుకు ఉత్తరాన ఉన్న భాగం 1902లో ఈ సంస్థ అధీనంలోకి వచ్చింది. దానితో కళింగాంధ్ర గ్రామాలకూ ఖరగ్‌పూర్ కర్మాగారానికీ మధ్య ఒకే యాజమాన్యం, ఒకే రైలు మార్గం ఏర్పడ్డాయి. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ప్రాంతాల నుంచి పని వెతుక్కుంటూ వచ్చినవారు వర్క్‌షాపులో, లోకో షెడ్డులో, పట్టాల మరమ్మతు ముఠాలలో చేరారు. 1928లో బెంగాల్ నాగపూర్ రైల్వే కార్మికులు ఉద్యోగాల తొలగింపునకు నిరసనగా చేసిన సమ్మెకు నాయకత్వం వహించినవారు, అనంతర కాలంలో రాష్ట్రపతి అయిన వి.వి.గిరి కావడం తెలుగువారు గుర్తుంచుకోదగిన విషయం.

ఈ పట్టణం పేరు చెప్పగానే చాలామందికి 1951లో హిజ్లీ నిర్బంధ శిబిరం భవనంలో ప్రారంభమైన దేశంలోని తొలి ఐఐటీ జ్ఞాపకం వస్తుంది. మరికొందరికి ఒకప్పుడు ప్రపంచంలోనే అత్యంత పొడవైనదిగా పేరొందిన 1072.5 మీటర్ల ప్లాట్‌ఫారం జ్ఞాపకం వస్తుంది. ఆ ఖ్యాతిని 2013లో గోరఖ్‌పూర్, 2023లో హుబ్బళ్లి తమ పరం చేసుకున్నాయి. క్రికెట్ అభిమానులకైతే ఇది మహేంద్రసింగ్ ధోనీ రైలు టిక్కెట్లు తనిఖీ చేసిన ఊరు. కాని మథురాకాటి, నిమ్‌పురా వంటి రైల్వే కాలనీలలో తరాల తరబడి వినిపిస్తున్న తెలుగును గురించి బయటివారికి తెలిసింది తక్కువ.

2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం తెలుగును అధికార భాషలలో ఒకటిగా గుర్తించేందుకు ఆమోదం తెలిపింది. ఖరగ్‌పూర్ తెలుగువారు చిరకాలంగా చేస్తూ వచ్చిన విజ్ఞప్తికి అది ఫలితం. రాష్ట్ర మాధ్యమిక విద్యా మండలి అనుమతించే ప్రథమ భాషల జాబితాలోనూ తెలుగుకు స్థానం ఉంది. ఇవన్నీ సంతోషించదగినవే. అయితే అధికార గుర్తింపు వలన ఫారాలు రావచ్చు, బోర్డులు రావచ్చు గాని, ఏడేళ్ల పిల్లకు కథ చదివి వినిపించే అరగంట దానంతట అది రాదు.

చెవికి తెలిసిన భాష, కంటికి తెలియని లిపి

పొరుగు రాష్ట్రాలలో స్థిరపడిన తెలుగు కుటుంబాలన్నింటిలోనూ కనిపించే పరిణామమే ఇక్కడా కనిపిస్తుంది. తాత తెలుగులో చదివి, రాసినవాడు. తండ్రి తెలుగులో మాట్లాడుతూ హిందీలోనో ఆంగ్లంలోనో చదివినవాడు. మనుమడు ఇంట్లో తెలుగు వింటాడు, వీధిలో బెంగాలీ కలిపిన హిందీ మాట్లాడతాడు, బడిలో ఆంగ్లం రాస్తాడు. ‘అమ్మా ఆకలి’ అని అడగగలడు గాని, అదే మాటను కాగితం మీద చూస్తే పోల్చుకోలేడు. ఇటువంటి పిల్లవానికి తెలుగు పుస్తకాన్ని చేతికిచ్చి చదువుకోమనడం వలన ప్రయోజనం లేదు. చదివి వినిపిస్తే మాత్రం అతడు ఆ కథలో చివరి వరకు మనతో ఉంటాడు.

బిగ్గరగా చదివి వినిపించడానికి గల విలువ ఇక్కడే ఉన్నది. చిన్న వయసులో పిల్లలు కంటితో చదవగలిగిన దాని కంటె చెవితో విని గ్రహించగలిగినది ఎంతో ఎక్కువ. నిత్య సంభాషణలో దొరకని మాటలు, వాక్యపు మలుపులు, ఒక సంగతి తరువాత మరొక సంగతిని పేర్చే తీరు, ఇవన్నీ అక్షరాలు రాకముందే కథ ద్వారా చెవిన పడతాయి. 1985లో అమెరికాలో పఠనంపై నియమితమైన సంఘం తన నివేదికలో, పిల్లలు చదువరులు కావడానికి తోడ్పడే పనులన్నింటిలో చదివి వినిపించడానికే ప్రథమ స్థానమిచ్చింది.

ఆ మాటకు వస్తే మనకు ఇది అమెరికా చెప్పవలసిన విషయం కాదు. రామాలయపు అరుగు మీద ఒకరు భాగవతం చదువుతుంటే పదిమంది వినడం, గ్రంథాలయోద్యమ కాలంలో చదువు రానివారి కోసం పఠన మందిరాలలో వార్తాపత్రికను పెద్దగా చదవడం తెలుగునాట సుపరిచితాలు. బెంగాల్‌లోనూ కథకులు పురాణాన్ని ఊరి నడుమ కూర్చుని వినిపించేవారు. రెండు జాతులకూ ఈ అలవాటు ఉంది. అలవాటు లేనిది తరగతి గదికే. అక్కడ బిగ్గరగా చదవడమంటే పిల్లవాడు నిలబడి పాఠం అప్పగించడం, తప్పు పలికితే మందలింపు వినడం అన్న అర్థమే స్థిరపడింది. ఉపాధ్యాయుడు చదువుతుంటే పిల్లలు ఊరికే కూర్చుని వినడాన్ని మన పర్యవేక్షకులు ఇంకా కాలయాపనగానే పరిగణిస్తారేమో అనిపిస్తుంది.

గ్లోబల్ రీడ్ అలౌడ్‌లో అనుసరించే విధానం ఇందుకు పూర్తిగా భిన్నమైనది. వయసును బట్టి పుస్తకాలను ముందుగా ప్రకటిస్తారు. అక్టోబరు మొదటి వారం నుంచి ఆరు వారాల పాటు వారానికి ఇంత అని నిర్ణయించుకుని చదువుతారు. ఆ హద్దు దాటి ముందుకు పోకూడదన్నది ప్రధాన నియమం. ఎందుకంటే తరువాత ఏమి జరుగుతుందో ఊహించడంలోనే పిల్లల సంభాషణ అంతా ఇమిడి ఉంది. ఉదాహరణకు 2012లో ఎంపికైన పుస్తకాలలో కేథరిన్ ఆపిల్‌గేట్ రాసిన ‘ది వన్ అండ్ ఓన్లీ ఐవన్’ అనే నవల ఉంది. వ్యాపార సముదాయంలోని బోనులో బతుకుతున్న ఒక గొరిల్లా తన కథ తానే చెప్పుకోవడం అందులోని ఇతివృత్తం. ఆ గొరిల్లా బయటపడుతుందా లేదా అన్నది వేర్వేరు దేశాల పిల్లలు ఒకే వారంలో తర్కించుకున్నారంటే అందులోని ఆకర్షణను అర్థం చేసుకోవచ్చు. ఆ పుస్తకానికి మరుసటి సంవత్సరం న్యూబరీ పతకం లభించింది.

లోపం లేకపోలేదు. ఎంపికయ్యే పుస్తకాలలో అత్యధికం ఆంగ్ల పుస్తకాలే. ఆంగ్లం ఇంటి భాషగా ఉన్న పిల్లలకు కథ నేరుగా చేరుతుంది. ఇతరులకు కథ కంటె ముందు భాష అడ్డు నిలుస్తుంది. ప్రపంచమంతా ఒక పుస్తకాన్ని పంచుకోవడం మంచిదే గాని, పంచుకునే భాష ఎప్పుడూ ఒక్కటే అయితే మిగిలిన భాషల పిల్లలు అతిథులుగానే మిగిలిపోతారు.

చందమామ చేసిన పని

ఒకే కథను పలు భాషల పిల్లలు ఒకే కాలంలో చదవడం భారతదేశానికి కొత్త కాదు. ఈ విషయంలో తెలుగువారికి ప్రత్యేక స్థానం ఉందని చెప్పడం అతిశయోక్తి కాబోదు. 1947 జూలైలో మద్రాసు నుంచి నాగిరెడ్డి, చక్రపాణి తెలుగు, తమిళ భాషలలో ప్రారంభించిన ‘చందమామ’ క్రమంగా దేశభాషలు అనేకానికి విస్తరించింది. ఒడియా, బెంగాలీ సంచికలు వచ్చాయి. 2004లో సంతాలీ సంచిక కూడ వెలువడింది. ఒకే బొమ్మలు, ఒకే కథలు, భాషలు మాత్రం వేరు. ఖరగ్‌పూర్ వంటి పట్టణంలో దీని అర్థం ఏమిటో ఊహించవచ్చు. పక్కపక్క క్వార్టర్లలోని తెలుగు పిల్లవాడూ బెంగాలీ పిల్లవాడూ తమ తమ భాషలలో ఒకే కథ చదివి, సాయంత్రం మైదానంలో దానిని గురించి పోట్లాడుకోగల వీలు ఆ పత్రిక కల్పించింది. శరత్ నవలలను బెంగాలీ నుంచి తెలుగులోకి తెచ్చిన చక్రపాణి చేతి మీదుగానే ఇది జరగడం సముచితంగా ఉంది. గత దశాబ్దం ఆరంభంలో ఆ పత్రిక ముద్రణ నిలిచిపోయింది.

మాస్కో నుంచి వచ్చిన పిల్లల పుస్తకాలదీ ఇదే కోవ. ప్రగతి, రాదుగ ప్రచురణాలయాలు ఒకే బొమ్మల పుస్తకాన్ని తెలుగు, బెంగాలీ సహా ఎన్నో భాషలలో ముద్రించి పంపేవి. విశాలాంధ్ర పుస్తకశాలల్లో తెలుగువారికి, కలకత్తాలోని మనీషా గ్రంథాలయలో బెంగాలీలకు అవి అతి స్వల్ప ధరకు దొరికేవి. 1991లో సోవియట్ యూనియన్ విచ్ఛిన్నం కావడంతో ఆ సరఫరా ఆగింది. నేషనల్ బుక్ ట్రస్టు 1969లో ప్రారంభించిన నెహ్రూ బాల పుస్తకాలయం మాలిక మాత్రం ఒకే పుస్తకాన్ని పలు భారతీయ భాషలలో వెలువరించే సంప్రదాయాన్ని కొనసాగించింది.

వీటన్నింటిలోనూ ఒక ఆర్థిక సూత్రం ఉంది. రంగుల బొమ్మల పుస్తకానికి అధిక వ్యయం బొమ్మలు వేయించడంలో, అచ్చుకు సిద్ధం చేయడంలో ఉంటుంది. బొమ్మలు ఒకటే అయి అక్షరాలు మాత్రమే మారితే ఆ ఖర్చు అన్ని భాషల మీదికీ పంపిణీ అవుతుంది. ఒక భాషకు గిట్టుబాటు కానిది పది భాషలకు గిట్టుబాటు అవుతుంది. అయినప్పటికీ ఖరగ్‌పూర్ తెలుగు పిల్లల వంటి చిన్న పాఠక వర్గానికి పుస్తకాలు చేరవేయడం ప్రచురణకర్తలకు లాభసాటి కాలేదు. విజయవాడలో అచ్చయిన బాలల పుస్తకం బెంగాల్‌లోని ఒక రైల్వే కాలనీకి చేరాలంటే, సెలవులకు స్వగ్రామం వెళ్లి వచ్చేవారి సంచిలో రావలసిందే.

ఈ చిక్కుముడిని విప్పడంలో బెంగళూరుకు చెందిన లాభాపేక్ష లేని సంస్థ ప్రథమ్ బుక్స్ కొంత విజయం సాధించింది. 2004లో ఏర్పడిన ఈ సంస్థ 2012 నుంచి సెప్టెంబరు 8వ తేదీన, అంతర్జాతీయ అక్షరాస్యతా దినోత్సవం సందర్భంగా, ‘ఒక రోజు – ఒక కథ’ కార్యక్రమాన్ని చేపట్టింది. ఎంపిక చేసిన ఒక కథను పలు భాషలలో స్వచ్ఛంద కార్యకర్తలకు అందజేస్తే, వారు బడులలో, గ్రంథాలయాలలో, ఇంటి వసారాలలో పిల్లలను చేర్చి చదివి వినిపిస్తారు. విస్కాన్సిన్ ప్రయోగానికి మన దేశంలో సమీప బంధువు ఇదేనని చెప్పవచ్చు. అయితే ఇక్కడ భాష ఒకటి కాదు. 2015 సెప్టెంబరు 8న ఇదే సంస్థ 24 భాషలలో 800 కథలతో ‘స్టోరీ వీవర్’ అనే ఇంటర్నెట్ భాండాగారాన్ని ప్రారంభించింది. అనంతర కాలంలో అందులోని భాషల సంఖ్య 300 దాటింది. రచయితను, చిత్రకారుని పేర్కొన్నంత వరకు ఎవరైనా ఆ కథలను చదవవచ్చు, అనువదించవచ్చు, అచ్చు వేసుకోవచ్చు. రుసుము లేదు.

ఖరగ్‌పూర్ వంటి చోట ఈ వెసులుబాటుకు గల ప్రాముఖ్యం పెద్దది. ఒకే కథను తెలుగు, బెంగాలీ, హిందీ, సంతాలీ భాషలలో తీసుకుని మామూలు ప్రింటరు మీద ముద్రించుకోవచ్చు. సోమవారం బెంగాలీలో, మంగళవారం తెలుగులో, బుధవారం హిందీలో చదివి వినిపించవచ్చు. మొదటి రోజు కథ తెలుసుకున్న పిల్లవానికి రెండవ రోజు పరభాష కూడ పూర్తిగా పరాయిది కాదు. తన భాషలో కథ వినిపించిన రోజున తెలుగు పిల్ల ఆ తరగతిలో మిగిలినవారికి అర్థం చెప్పే స్థానంలో ఉంటుంది. తన ఇంటి మాటకు బడిలో విలువ ఉందని ఆమెకు ఇంతకంటె తేలికగా తెలియజేసే మార్గం కనిపించదు. ఇదే జిల్లాలోని బీర్‌సింహలో జన్మించి, 1855లో ‘వర్ణ పరిచయ’ ద్వారా బెంగాలీ బాలలకు అక్షరాభ్యాసం చేయించిన ఈశ్వరచంద్ర విద్యాసాగరుని పేరుతోనే కందుకూరి వీరేశలింగాన్ని దక్షిణాది విద్యాసాగరుడని పిలిచారు. రెండు భాషల బడి చదువుల మధ్య బంధుత్వం ఆనాటిది.

పంచాంగంతో తకరారు

ఆచరణలో వచ్చే చిక్కులు మరొక రకంగా ఉన్నాయి. గ్లోబల్ రీడ్ అలౌడ్ సాగే అక్టోబరు మాసం బెంగాల్‌లో తరచు దుర్గా పూజ సెలవుల కాలం. తెలుగు రాష్ట్రాలలో దసరా సెలవులూ ఇంచుమించు అప్పుడే వస్తాయి. ఆరు వారాల కార్యక్రమంలో ఆ విధంగా కొన్ని వారాలు కరిగిపోతాయి. బెంగాల్ ప్రభుత్వ పాఠశాలల విద్యా సంవత్సరం జనవరిలో మొదలై డిసెంబరులో ముగుస్తుంది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో అది జూన్‌లో మొదలవుతుంది. అందువలన ఖరగ్‌పూర్ రెండవ తరగతికి శ్రీకాకుళం రెండవ తరగతిని జతచేస్తే, ఒకరు సగం ఏడాది ముందుంటారు. కథకు ఇది పెద్ద అడ్డంకి కాదు గాని, జత కుదిర్చే ఉపాధ్యాయులు దీనిని లెక్కలోకి తీసుకోవలసి ఉంటుంది. అమెరికాలోని తెలుగు పిల్లల కోసం సిలికానాంధ్ర 2007లో ప్రారంభించిన మనబడి వంటి తరగతులతో ప్రత్యక్ష సంభాషణ జరపాలంటే వేళలు కుదరవు. ఇక్కడ బడి సాగే వేళ అక్కడ రాత్రి. ముందుగా రికార్డు చేసి పంపుకోవడమో, ఉత్తరాలు రాసుకోవడమో మేలు.

ప్రభుత్వాలు కూడ పఠనాన్ని ప్రోత్సహించేందుకు కొంత ప్రయత్నం చేయకపోలేదు. ఆంధ్రప్రదేశ్‌లో 2020 నవంబరులో ‘చదవడం మాకిష్టం’ ఉద్యమం ప్రారంభమైంది. తెలంగాణ 2022 ఫిబ్రవరిలో వంద రోజుల పఠన కార్యక్రమం చేపట్టింది. కేంద్ర ప్రభుత్వం 2022 జనవరి 1న దేశవ్యాప్తంగా వంద రోజుల పఠనోద్యమానికి శ్రీకారం చుట్టింది. దురదృష్టవశాత్తు, రెండు రోజులు గడవగానే కోవిడ్ ఉధృతి కారణంగా పశ్చిమ బెంగాల్‌లో పాఠశాలలు మూతపడ్డాయి. 2020 మార్చిలో ఇల్లు చేరిన ప్రాథమిక తరగతుల పిల్లలు తిరిగి బడి గదిలో కూర్చునేసరికి 2022 ఫిబ్రవరి మధ్య భాగం వచ్చింది. ఒకటవ తరగతి, రెండవ తరగతి చాలామందికి బడి ముఖం చూడకుండానే గడిచిపోయాయి.

దాని ఫలితం దేశవ్యాప్త గణాంకాలలో కనిపిస్తుంది. గ్రామీణ ప్రాంతాలలో నిర్వహించే ‘అసర్’ సర్వే ప్రకారం, రెండవ తరగతి స్థాయి పాఠాన్ని చదవగల మూడవ తరగతి పిల్లలు 2018లో 27.3 శాతం ఉండగా, 2022 నాటికి వారు 20.5 శాతానికి తగ్గారు. 2024లో ఆ సంఖ్య 27.1కి చేరింది. అంటే పోయినది తిరిగి వచ్చింది తప్ప కొత్తగా చేరినది లేదు. నలుగురిలో ఒకరికి మించి చదవలేని తరగతిలో పుస్తకాన్ని అందరికీ పంచి చదవమనడం కంటె, ఒకరు చదివి అందరికీ వినిపించడమే ముందు జరగవలసిన పని అని ఈ అంకెలు చెబుతున్నాయి. ఇంటి భాష ఒకటి, బడి భాష మరొకటి అయిన పిల్లలకు ఈ మాట మరింతగా వర్తిస్తుంది.

అందుచేత ఖరగ్‌పూర్ తెలుగు బాలలకు మొదట జత కావలసినది విస్కాన్సిన్ కాదు, శ్రీకాకుళమో పలాసో కావడం సమంజసం. తాతగారి ఊరి పిల్లలు అదే కథను విన్నారని, అందులోని తోడేలును తాము మరొక పేరుతో పిలుస్తారని తెలిసినప్పుడు, తెలుగు అమ్మమ్మకు మాత్రమే చెందిన భాష కాదని పిల్లకు తెలుస్తుంది. అక్కడి వారికి కూడ లాభమే. తెలుగు అంటే రెండు రాష్ట్రాలేనని భావించే పిల్లలకు, హౌరా వెళ్లే రైలు ఆగే ఒక పట్టణంలో తమ మాట మాట్లాడే తోటివారు ఉన్నారని తెలిసి వస్తుంది.

ఇందుకు కావలసినవి స్వల్పం. తెలుగు ధారాళంగా చదవగల పెద్దలు రైల్వే నుంచి పదవీ విరమణ చేసినవారిలో ఉంటారు. పట్టణంలోని తెలుగు సంఘాలు పూనుకుంటే వారిని వారానికి ఒక పూట బడికి పంపవచ్చు. రావలసినది ప్రధానోపాధ్యాయుల అనుమతి, కాలపట్టికలో అరగంట. ఆరంభానికి సెప్టెంబరు 8 అనువైన తేదీ. అప్పటికి బెంగాల్‌లో పూజ సెలవులు మొదలు కావు, తెలుగు రాష్ట్రాలలో దసరా రాదు. ఆదివారమో, వినాయక చవితో అదే రోజున పడితే తప్ప రెండు చోట్లా బడి తెరిచే ఉంటుంది.